చివరగా ఆపాల్సినవి

రామగుండం పక్కన పుట్టి పెరిగినవాళ్లకు పెద్ద యంత్రం ఆగడమంటే ఏమిటో ఇంట్లోనే తెలుస్తుంది. అక్కడి ఎన్టీపీసీ కేంద్రంలో మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో మొదలైంది. ఒక్కొక్కటే చేరుతూ వచ్చి మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు కలిసి 2600 మెగావాట్ల కేంద్రమైంది. జ్యోతినగర్ క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు "యూనిట్ ట్రిప్పయింది", "ఓవరాలింగ్‌కు ఇచ్చిండ్రు", "ఇంకా బారింగ్ మీదనే ఉంది" అన్న మాటలు చిన్నప్పటి నుంచీ చెవిన పడుతుంటాయి. మా బాపు ఆపరేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. యూనిట్‌ను ఓవరాలింగ్‌కు ఆపిన రోజుల్లోనే ఆయన ఇంటికి మరీ ఆలస్యంగా వచ్చేవాడు. నడిపేటప్పుడు కదా పని, ఆపినంక ఇంకేం పని అని అడిగాను.

"ఆపుడు మొదలువెట్టంగనే అయిపోదు బిడ్డా. అది సల్లవడేదాక మా మీదనే ఉంటది" అన్నాడు.

ఆ మాటలో ఎంత ఉందో ఇంజినీరింగ్ చదివాక తెలిసింది. టర్బైన్‌లోకి వచ్చే ఆవిరి 535 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. లోడ్ మెల్లగా దించి, గ్రిడ్ నుంచి విడదీసి, ఆవిరి మూసేస్తే రోటర్ తనంతట తాను నెమ్మదిస్తుంది. అయితే దాన్ని పూర్తిగా నిలవనివ్వకూడదు. లోపల వేడి పైకి చేరుతుంది, కింది భాగం ముందుగా చల్లబడుతుంది. టన్నుల బరువున్న రోటర్ ఆ తేడాకు విల్లులా వంగిపోతుంది. అందుకే బారింగ్ గేర్ వేసి, లోహం చల్లారేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి, దాన్ని నెమ్మదిగా తిప్పుతూనే ఉంటారు. తిరుగుతున్నంతసేపూ బేరింగులకు చమురు అందుతూ ఉండాలి. ఏసీ కరెంటు పోతే బ్యాటరీల మీద నడిచే డీసీ పంపు అందుకోవాలి. జనరేటర్‌ది ఇంకో సంగతి. దాన్ని చల్లబరిచేది హైడ్రోజన్. ఆ వాయువును లోపలే పట్టి ఉంచేది సీల్ ఆయిల్. యూనిట్ ఆగింది కదా అని సీల్ ఆయిల్ పంపు ఆపేస్తే హైడ్రోజన్ బయటికి వస్తుంది, గాలితో కలిసిందంటే పేలుడే. ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి, తర్వాత గాలి పంపి కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టాలి, ఆ తర్వాతే సీల్ ఆయిల్ వైపు చెయ్యి పోవాలి. మిగతా అన్నింటినీ మోస్తున్నది ఏదో అది అన్నింటికంటే చివరన ఆగాలి.

నా బతుకుదెరువు మాత్రం బొగ్గుతో కాకుండా సర్వర్లతో ముడిపడింది. హైదరాబాద్‌లో, చెల్లింపుల వ్యవస్థలు నడిచే ఒక డేటా సెంటర్‌లో ఐబీఎం పవర్ సర్వర్లు చూసుకునే పని. ఆ సర్వర్ ఒకటే ఫ్రేమ్‌గా కనిపిస్తుంది, లోపల మాత్రం చాలా కంప్యూటర్లుంటాయి. ప్రాసెసర్లను, మెమరీని భాగాలు చేసి, ఒక్కో భాగానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత పేరు, సొంత చిరునామా ఇస్తారు. ఒక్కో భాగం ఒక పార్టిషన్. పనిలో మేమంతా ఎల్‌పార్ అంటాం. ఒక ప్రాసెసర్ కోర్‌లో ఇరవయ్యో వంతు ఇచ్చినా ఒక ఎల్‌పార్ నడుస్తుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు ఇలాంటి విభజన 1988లోనే వచ్చింది, ఏఎస్/400కు 1999లో, యూనిక్స్ సర్వర్లకు పవర్4తో 2001లో. ఒక ఎల్‌పార్‌లో డేటాబేస్, ఒకదాంట్లో అప్లికేషన్, ఒకదాంట్లో రాత్రిపూట లెక్కలు సరిచూసే బ్యాచ్. వీటన్నింటికీ డిస్కును, నెట్‌వర్కును అందించేది వయోస్ అనే మరో పార్టిషన్. సాధారణంగా ఒకటి పడిపోతే ఇంకొకటి అందుకునేలా రెండు పెడతారు. అన్నింటినీ బయటి నుంచి చూసేందుకు, ఆపేందుకు, లేపేందుకు హెచ్ఎంసీ అనే కన్సోల్ ఉంటుంది.

ఒక ఎండాకాలం మా దగ్గర కరెంటు ప్యానెళ్లు మార్చాల్సి వచ్చి ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా ఆపే అనుమతి తీసుకున్నారు. రాత్రిపూట గడువు. ఏది ముందు, ఏది వెనక అన్న వరస ఒక షీటులో ఉంది. మా షిఫ్టులో పెద్దాయన మంచిర్యాల నుంచి వచ్చినవాడు. అందరం అన్నా అనే పిలుస్తాం. ఎల్‌పార్‌లు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. బ్యాచ్ నడిచే ఎల్‌పార్ దగ్గర మాత్రం కథ నిలిచిపోయింది. షట్‌డౌన్ ఆదేశం ఇచ్చి చాలాసేపైంది. హెచ్ఎంసీలో "షటింగ్ డౌన్" అన్న స్థితి అలాగే ఉంది. బయట ఎలక్ట్రీషియన్లు కూర్చొని గడియారం చూస్తున్నారు. మేనేజరు ఫోన్ మీద ఫోన్. కొత్తగా చేరిన పిల్లవాడు మౌస్ పట్టుకొని, "అన్నా, ఇమ్మీడియట్ కొట్టేద్దామా? ఎట్లాగూ ఆపేదే కదా" అన్నాడు.

"ఆగు తమ్మీ. అది ఎందుకు ఆగుతలేదో అడిగినవా?" అన్నాడు అన్న.

ఆయన హెచ్ఎంసీ నుంచే ఆ ఎల్‌పార్ టెర్మినల్ తెరిచాడు. తెర మీద ఒక ఫోల్డర్ సర్వర్ జవాబివ్వడం లేదని ఒకే సందేశం మళ్లీ మళ్లీ వస్తోంది. సంగతి తేలింది. రాత్రి లెక్కల ఫైళ్లు మరో ఎల్‌పార్ పంచే ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్‌లోకి పోతాయి. షీటు రాసినప్పుడు ఆ ఫోల్డర్ లేదు, మధ్యలో చేరింది. వరసలో ఎక్కలేదు. అందుకని పంచే ఎల్‌పార్ ముందే ఆగిపోయింది. రాసేది ఇంకా చేతిలో పట్టుకొని బ్యాచ్ ఎదురుచూస్తోంది. ఆ ఫోల్డర్‌ను కలిపిన మౌంటు అడిగినదాన్ని వదిలిపెట్టకుండా పట్టుకునే రకం కాబట్టి, అవతలివాడు తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడుతుంది. ఇమ్మీడియట్ నొక్కి ఉంటే మెమరీలో ఉన్న ఆ రాతలు మెమరీతోనే పోయేవి.

అన్న ఆ ఫోల్డర్ ఎల్‌పార్‌ను మళ్లీ లేపించాడు. అది లేచిన కాసేపటికి బ్యాచ్ తన ఫైలు రాసుకొని మూసుకుంది, తర్వాత ఎల్‌పార్ దానంతట అదే ఆగింది. అప్పుడు ఫోల్డర్ ఎల్‌పార్‌ను, ఆపై రెండు వయోస్‌లను, చివరికి ఫ్రేమ్‌ను ఆపాం. ఎలక్ట్రీషియన్లకు పని ఆలస్యంగా దొరికింది. మేనేజరు కోపం మరుసటి రోజు కూడా తగ్గలేదు. నాకు మాత్రం ఆ రాత్రి మా బాపు డ్యూటీ అర్థమైంది. ఆగనని మొరాయించే యంత్రం ఏదో చెబుతోంది. అది ముందు వినాలి. నా పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

హెచ్ఎంసీలో పార్టిషన్‌ను ఆపే మెనూలో మూడు నాలుగు దారులుంటాయి. వాటి తేడా తెలియకుండా దాని ముందు కూర్చోవడం ప్రమాదం. ఆపరేటింగ్ సిస్టమ్ షట్‌డౌన్ అన్నదాన్ని ఎంచుకుంటే హెచ్ఎంసీ లోపలి ఏఐఎక్స్‌కో లినక్స్‌కో ఆగమని చెబుతుంది, అది తన పద్ధతిలో అప్లికేషన్లను మూసి, డిస్కులకు రాసి ఆగుతుంది. డిలేడ్ అంటే కొంత గడువు ఇచ్చి, ఆ లోపు ఆగకపోతే పట్టుకొని ఆపేస్తుంది. ఇమ్మీడియట్ అంటే ఎవరినీ అడగదు. లోపల ఏం జరుగుతున్నా పార్టిషన్ అసహజంగా ముగుస్తుంది. కొత్తవాళ్లకు ఇంకో గందరగోళం కూడా ఉంది. ఒరాకిల్ డేటాబేస్‌లో ఇమ్మీడియట్ పద్ధతైన మార్గమే, సగంలో ఉన్న లావాదేవీలను వెనక్కి తిప్పి మూస్తుంది. అక్కడ భయపడాల్సింది అబార్ట్‌కు. డేటాబేస్ నుంచి వచ్చిన అలవాటుతో హెచ్ఎంసీలో ఇమ్మీడియట్ నొక్కేవాళ్లను చూశాను.

కరెంటు తీగ లాగినా ఈ రోజుల్లో ఏమీ కాదని కొందరంటారు. ఫైల్ సిస్టమ్‌కు జర్నల్ ఉంది కదా, లేవగానే సరిచేసుకుంటుంది అంటారు. సగం నిజం. ఏఐఎక్స్‌లో మార్పులను డిస్కుకు పంపే సింక్‌డీ సాధారణంగా నిమిషానికి ఒకసారి నడుస్తుంది. ఆ లోపు పోయినవి పోయినట్టే. జర్నల్ కాపాడేది ఫైళ్ల పట్టికను, వాటి అమరికను. ఫైలు లోపల ఏ వరుసల దాకా రాశారన్నది దానికి పట్టదు. డేటాబేస్ తన లాగ్ చూసుకొని కోలుకుంటుంది, నిజమే. డేటాబేస్ బయట పడి ఉన్న మామూలు ఫైళ్లకు ఆ రక్షణ లేదు, మన దగ్గర లెక్కలు సరిచూసేవన్నీ మామూలు ఫైళ్లే. ఐబీఎం ఐ నడిచే పార్టిషన్లయితే అసహజంగా ఆగాక లేవడానికే చాలాసేపు పట్టవచ్చు. పెద్ద ఫైళ్ల యాక్సెస్ పాత్‌లు తిరిగి కట్టుకుంటూ కూర్చుంటాయి.

వయోస్‌లను చివరికి ఉంచడంలో ఉన్న కారణం ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. ఎల్‌పార్ తన చివరి రాతలు రాయాలంటే డిస్కు ఉండాలి, డిస్కు దారి వయోస్ గుండానే. దాన్ని ముందు ఆపితే మిగతావన్నీ తమ డిస్కులను పోగొట్టుకుంటాయి. అవి ఆగుతాయి, ఎలా ఆగుతాయో మాత్రం మన చేతిలో ఉండదు. ఒక్క వయోస్‌ను మాత్రమే మరమ్మతుకు ఆపేటప్పుడు కూడా ప్రతి ఎల్‌పార్‌లోకి పోయి రెండు దారులూ బతికి ఉన్నాయా అని చూసుకోవాలి. రెండో దారి ఎప్పుడో చచ్చిపోయి ఎవరూ గమనించని ఎల్‌పార్ ఒక్కటైనా దొరుకుతుంది. చూసుకోకుండా ఆపితే అదే ఆ రాత్రి కూలిపోయేది.

ఏఐఎక్స్‌లో నాకు చాలా నచ్చే ఏర్పాటు ఒకటుంది. ఆర్‌సీ డాట్ షట్‌డౌన్ అనే స్క్రిప్టు మనం రాసి పెట్టుకోవచ్చు. షట్‌డౌన్ ఆదేశం ముందు దాన్ని నడిపిస్తుంది. అప్లికేషన్ సరిగ్గా మూసుకోలేదని ఆ స్క్రిప్టు చెబితే షట్‌డౌన్ అక్కడే ఆగిపోతుంది. ఆపకూడదని చెప్పే హక్కు లోపలి నుంచే ఇవ్వడం అన్నమాట. చాలా చోట్ల ఈ స్క్రిప్టు రాసేవాళ్లే లేరు. పది వరుసల పని. రాయకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఆపడంలో సగం పని తిరిగి లేపడం గురించే. పార్టిషన్ నడుస్తుండగానే దానికి మెమరీ, ప్రాసెసర్లు, అడాప్టర్లు కలపవచ్చు. ఇలా కలిపినవి ప్రొఫైల్‌లో, అంటే లేపేటప్పుడు చూసే అమరికలో, కూడా దాచుకోకపోతే, ఆపి పాత ప్రొఫైల్‌తో లేపినప్పుడు అవన్నీ మాయమవుతాయి. రెండేళ్ల కింద ఎవరో రద్దీ సమయంలో పెంచిన మెమరీ ఉండదు, డేటాబేస్ లేవనంటుంది. వర్చువల్ ఫైబర్ ఛానల్ అడాప్టర్ విషయంలో ఇది ఇంకా కష్టం. నడుస్తుండగా కలిపిన అడాప్టర్‌ను తర్వాత ప్రొఫైల్‌లో చేత్తో చేరిస్తే దానికి కొత్త చిరునామాలు పుడతాయి. స్టోరేజీ వాళ్లు పాత చిరునామాలకే దారి తెరిచి ఉంటారు. డిస్కులు కనిపించవు. అర్ధరాత్రి ఒంటిగంటకు స్టోరేజీ వాళ్లను నిద్ర లేపడం మొదలవుతుంది. అందుకే ఆపే ముందే ప్రస్తుత అమరికను ప్రొఫైల్‌లోకి దాచడం, బూట్ లిస్టులో ఏ డిస్కు ఉందో చూడడం, ఎర్రర్ రిపోర్టు చదవడం, సిస్టమ్ బ్యాకప్ తీసుకోవడం అన్నీ జరగాలి. ఏళ్ల తరబడి ఆపని సర్వర్‌ను చూసి గర్వపడేవాళ్లున్నారు. నాకు అది భయం. అది మళ్లీ లేస్తుందో లేదో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు జరిగింది మా వృత్తిలో అందరూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి. లండన్ హీత్రూ దగ్గర వాళ్ల డేటా సెంటర్‌లో ఒక ఇంజినీరు కరెంటు సరఫరాను విడదీశాడు. అంతటితో అయితే కష్టమైనా తేరుకునేవాళ్లే. సరఫరాను తిరిగి కలిపిన తీరు పద్ధతి లేకుండా జరిగిందనీ, అసలు నష్టం దానివల్లేననీ మాతృసంస్థ అప్పటి అధిపతి విల్లీ వాల్ష్ తర్వాత చెప్పాడు. సెలవుల వారాంతంలో దాదాపు 75,000 మంది ప్రయాణికులు విమానాశ్రయాల్లో నిలిచిపోయారు. వరస లేకుండా ఆగింది వరస లేకుండానే లేస్తుంది, రెండోది మొదటిదాని కంటే ఘోరం.

ఏ ఎల్‌పార్‌ను ఆపుతున్నామో తెలిసి ఆపడం కూడా ఉంది. మన జిల్లాల్లో లైన్‌మన్లు స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు. ఒక ఫీడర్‌కు ఎల్సీ తీసుకొని ఇంకో ఫీడర్ మీద చెయ్యి వేసి ప్రాణాలు పోయిన వార్తలు కరీంనగర్, ఆదిలాబాద్ పేజీల్లో మనం చదువుతూనే ఉంటాం. ఒకే స్తంభం మీద రెండు లైన్లుంటాయి, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. మా తెరల మీదా అంతే. టెస్ట్ ఎల్‌పార్ పేరుకూ, అసలు ఎల్‌పార్ పేరుకూ ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరాన్ని నోటితో చదివి, పక్కవాడు కూడా చదివి, అప్పుడు ఎంటర్ నొక్కాలని అన్న మాకు నేర్పాడు. బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. లైన్‌మన్ ఇంట్లోవాళ్లకు అలా కనిపించదు.

ఇంత పట్టింపు ఎందుకని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఉట్నూరులోనో, ఆసిఫాబాద్‌లోనో ఒక వృద్ధురాలు చిన్న మెషీన్ మీద వేలిముద్ర పెట్టి తన ఖాతాలోంచి కాస్త డబ్బు తీసుకుంటుంది. ఆ వేలిముద్రకూ ఆమె చేతిలోకి వచ్చే నోట్లకూ మధ్యలో ఎన్నో కంప్యూటర్లు జవాబు చెప్పాలి. ఖాతాలో డబ్బు తగ్గి, జవాబు వెనక్కి రాకముందే మధ్యలో ఒకటి పడిపోతే మెషీన్ మీద ఫెయిల్ అని వస్తుంది. డబ్బు తర్వాత తిరిగి జమ అవుతుంది. అది జమ అయ్యేదాకా ఆమె ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు. ఊరి నుంచి ఆటోకు డబ్బులు పెట్టుకొని మళ్లీ రావాలి. ఆమె ఊరు, ఆమె రోజు కూలి, ఆమె ఎండలో నడిచిన దూరం మా తెర మీద ఎక్కడా కనిపించవు. లెక్కలు సరిచూసే ఆ బ్యాచ్ ఫైలు సరిగ్గా రాసుకుంటేనే ఆమె డబ్బు తొందరగా వెనక్కి వస్తుంది. ఇమ్మీడియట్ బటన్ ముందు చెయ్యి నిలిచినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆమె.

రామగుండంలోనే 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత బి-థర్మల్ 2024లో ఆగిపోయింది, మళ్లీ నడవలేదు. అదే ఏడాది మార్చి 4న, కొత్త తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రంలోని రెండో 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రధానమంత్రి ఆదిలాబాద్ సభ నుంచి జాతికి అంకితం చేశారు. పాతవి ఆగుతాయి, కొత్తవి వస్తాయి. మా దగ్గరా పాత ఫ్రేములు పోయి కొత్తవి వస్తున్నాయి, చాలా పనులు క్లౌడ్‌కు మారుతున్నాయి. అక్కడ కూడా ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో రాసిపెట్టినవాళ్లే రాత్రి నిద్రపోతారు.

నాచుపల్లిలో, మంథనిలో జేఎన్టీయూ కాలేజీల్లో చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒక మాట. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మీ సర్వర్లను ఆపే వరస షీటు ఎక్కడుందో అడగండి. దాని మీద చివరిగా సరిచూసిన తేదీ చూడండి. ఆ తేదీ తర్వాత ఏ ఎల్‌పార్ చేరిందో, ఏ ఫోల్డర్ పంచుకున్నారో ఒక్కొక్కరినీ అడిగి చేర్చండి. షీటే లేదంటే మీరే రాయండి, వయోస్‌లను అట్టడుగున పెట్టండి. తర్వాత దాన్ని మీ షిఫ్టులో పెద్దవాళ్లకు చూపించి, తప్పులుంటే దిద్దమని అడగండి.